కుక్కల భయాన్ని మెట్లుమెట్లుగా తగ్గించుకునే విధానం
1924లో అమెరికన్ మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే ఒక పసివాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, ఆ జంతువును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి భయం పోగొట్టారు. మీరూ కుక్క ఫొటో చూడటం మొదలుకొని, టీకాలు వేయించిన సాధు స్వభావపు పెంపుడు కుక్క వీపు నిమరడం వరకు ఒక్కో సందర్భాన్ని కాగితంపై రాసి, ఎదురుగా 0 నుంచి 100 వరకు భయం అంకె వేసుకోండి.

30 దగ్గరున్న మెట్టుతో ఆరంభించి, గుండె దడ బాగా తగ్గేదాకా అక్కడే నిలబడాలి. మధ్యలో తప్పుకుంటే కలిగే ఉపశమనమే భయాన్ని పెంచి పోషిస్తుంది కాబట్టి, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. అదే మెట్టును రోజూ సాధన చేసి, అంకె దిగాకే పైకి వెళ్లండి.

భయంతో బయటికే వెళ్లలేకపోతుంటే మాత్రం క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.