కర్నూలు నుంచి వెళ్లేవారు క్రేగీవార్ కోటను చూడవలసిన తీరు

పిల్లల చదువుల కారణంగా కర్నూలు నుంచి స్కాట్లాండులోని అబర్దీన్‌కు వెళ్లే తల్లిదండ్రులు, ఆ నగరానికి పడమరన ఆల్ఫర్డ్ సమీపంలో ఉన్న క్రేగీవార్ కోటకు ఒక పూట తప్పక కేటాయించాలి. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ దీనిని నిర్వహిస్తోంది. లోపలికి గైడుతోనే పంపుతారు కనుక, తెరిచి ఉండే రోజులను ముందే తెలుసుకోండి.

చేరగానే లోపలికి వెళ్లిపోవద్దు. మన కొండారెడ్డి బురుజు కావలికి కట్టినది. ఇది కాపురానికి కట్టిన బురుజు. బాల్టిక్ తీరాలతో వ్యాపారం చేసిన విలియం ఫోర్బ్స్ అనే వర్తకుడు 1626లో పూర్తి చేయించిన ఈ గులాబీరంగు కట్టడాన్ని కింది నుంచి పైకి నిదానంగా పరిశీలించండి: కింది గోడలను దాదాపు ఏ అలంకారమూ లేకుండా మందంగా లేపి, చెక్కడాలూ మూల బురుజులూ కోసుగా తేలిన కప్పులూ అన్నిటినీ పై అంతస్తులకే దాచిపెట్టారు. నాకు ఈ కోటలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ పొందికే. ద్వారం వద్ద ఇనుప ఊచల తలుపును కూడా గమనించండి.

హాలులో తలెత్తి పైకప్పు మీది సున్నపు నగిషీని చూడండి. పై అంతస్తుల్లో విద్యుద్దీపాలు లేవు కాబట్టి వెలుతురు బాగున్న వేళ వెళ్లడం మేలు. మెట్లు ఇరుకైనవి, మెలికలు తిరిగినవి. మోకాళ్ల నొప్పులున్నవారు చుట్టూ ఉన్న చెట్ల నడుమ బాటల్లో నడవవచ్చు, అయితే వేసవిలోనైనా వానకోటు వెంట ఉండాలి.