మిగిలిన పప్పుతో సూపు: ఉప్పు ఎక్కువైతే, విరిగితే, చేదెక్కితే ఏం చేయాలి?

సూపు అనగానే కార్న్‌ఫ్లోర్, వెన్న, పైన తెల్లటి క్రీమ్ గుర్తొస్తాయి. చిత్తూరు వైపు వంటింట్లో అవేవీ లేని సూపులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఉలవ కట్టు (ఉలవలు ఉడికించి వంచిన నీళ్లు), బ్యాళ్ల (పప్పు) కట్టు, మిరియాల రసం, మజ్జిగ పోయని రాగి అంబలి అన్నీ ఆ కోవలోవే. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె తగలకపోతే అది వీగన్ సూపే. నెయ్యి తిరగవాత బదులు గానుగ చెనిక్కాయ (వేరుశనగ) నూనె వాడితే చాలు. ప్యాకెట్ సూపు పొడి కొనేవాళ్లు మాత్రం వెనక అచ్చేసిన పదార్థాల పట్టిక చదవాలి, పాలపొడి చాలావాటిలో ఉంటుంది.

తిరుపతిలో గది తీసుకుని ఒక్క ఇండక్షన్ స్టవ్ మీద వండుకునే విద్యార్థికైనా, నలుగురున్న ఇంటికైనా ఖర్చు తగ్గేది మిగిలిన వాటితో చేసినప్పుడే. చిక్కులు వచ్చేదీ అక్కడే. నిన్నటి పప్పులో, రసంలో, కూరలో ఉప్పు, పులుపు, నూనె ముందే పడి ఉంటాయి. ఆ సంగతి మరిచి కొత్త వంటలాగా మొదలుపెడితే కింద చెప్పిన వాటిలో సగం తప్పులు జరుగుతాయి.

సూపు ఉప్పు కషాయమైంది

మిగిలిన పప్పు రుచి అన్నంలో కలుపుకోవడానికి సరిపడా ఉంటుంది, అంటే తాగడానికి ఎక్కువ. దానికి నీళ్లు పోసి, అలవాటుగా ఇంకో అరచెంచా ఉప్పు వేసి, పావుగంట మరిగిస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది.

ముందుజాగ్రత్త ఇది: ఎసరు చప్పిడిగా మొదలుపెట్టండి. ఒక కప్పు మిగిలిన పప్పుకు రెండు కప్పుల మామూలు నీళ్లు, అరకప్పు ఉప్పు వేయకుండా ఉడికించిన సొరకాయ గానీ ముల్లంగి గానీ క్యారెట్ గానీ వేసి, 8 నిమిషాలు మరిగాక రుచి చూడండి. చాలాసార్లు ఉప్పు అవసరమే ఉండదు. కొత్తగా చేసే సూపుకైతే లీటరుకు 8 గ్రాములు, అంటే దాదాపు ఒకటిన్నర చెంచా ఉప్పు, సరిపోతుంది.

ఉప్పు ఎక్కువయ్యాక ఉర్లగడ్డ (బంగాళదుంప) ముక్క వేస్తే లాగేస్తుందని అందరూ చెబుతారు. ఉర్లగడ్డ ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది, ఉప్పును మాత్రం ఏరి పీల్చుకోదు. ముక్క తీసేశాక మిగిలిన సూపు అంతే ఉప్పగా ఉంటుంది. పలచన చేయడం ఒక్కటే దారి. లీటరులో 12 గ్రాముల ఉప్పు పడితే ఇంకో అరలీటరు చప్పిడి ద్రవం కలిపితేనే లీటరుకు 8 గ్రాములకు దిగుతుంది. ఉత్త నీళ్లు పోస్తే రుచి చచ్చిపోతుంది కాబట్టి ఉప్పులేని బ్యాళ్ల కట్టు గానీ, చప్పిడి సంగటి ముద్ద కరిగించిన నీళ్లు గానీ పోయండి. చివర్లో నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే నాలుకకు ఉప్పు కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గదు, అనిపిస్తుంది అంతే.

ఉలవలు, అనపగింజలు ఎన్ని విజిల్స్ వచ్చినా బిరుసుగానే ఉన్నాయి

మూడు కారణాలుంటాయి. గింజ పాతదై ఉండొచ్చు, బోరు నీళ్లు గట్టివై ఉండొచ్చు, పులుపు ముందే పడి ఉండొచ్చు. గట్టి నీళ్లలోని కాల్షియం గింజ కణాల మధ్య ఉండే పెక్టిన్ అనే జిగురును బిగిస్తుంది, పులుపు దాన్ని కరగనివ్వదు. మిగిలిన రసంలో నానిన ఉలవలు వేసి కుక్కర్ పెట్టేవాళ్లకు ఈ తిప్పలు తప్పవు, ఎందుకంటే ఆ రసంలో చింతపండు ముందే ఉంది.

నలుగురికి 100 గ్రాముల ఉలవలు చాలు. 10 నుంచి 12 గంటలు నానబెట్టి, లీటరు మంచినీళ్లతో 6 విజిల్స్, ఆ తర్వాత సిమ్‌లో 15 నిమిషాలు ఉంచండి. బోరు నీళ్లే దిక్కయితే నానబెట్టే నీళ్లలో వంటసోడా చిటికెడు వేసి, వండే ముందు ఆ నీళ్లు పారబోయండి. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది. చింతపండు గోలీకాయంత, సుమారు 10 గ్రాములు, గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికాకే వేయాలి. నిన్నటి రసమైనా అప్పుడే.

కుక్కర్‌లో గింజలు, నీళ్లు కలిపి సగానికి మించకూడదు, నురగ పొంగి వెయిట్ రంధ్రం మూసుకుపోతుంది. ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

కట్టు వంచుకున్నాక మిగిలిన గింజలు పారేయకండి. ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఎండుమిర్చి, ఉప్పుతో బరకగా రుబ్బితే సంగటిలోకి పచ్చడి అవుతుంది.

చలికాలంలో పితికిపప్పు (పొట్టు పితికిన అనపగింజల) కూర మిగిలితే దాన్ని మళ్లీ ఉడికించే పని లేదు. ఒక కప్పు కూరకు ఒకటిన్నర కప్పు వేడినీళ్లు పోసి, పప్పులో సగం గరిటెతో ఎనిపి, ఒక్క పొంగు రానిస్తే చిక్కటి సూపు. అందులో మసాలా ముందే ఉంది, ఇంకేమీ వేయకండి.

పైన నీళ్లు తేలుతున్నాయి, కింద పప్పు పేరుకుంది

సూపును పట్టి ఉంచే పిండిపదార్థం చాలక ఇలా విడిపోతుంది. దీనికి కార్న్‌ఫ్లోర్ కొనక్కర్లేదు.

మిగిలిన అన్నం గుప్పెడు సూపులో వేసి, 10 నిమిషాలు ఉడికించి ఎనిపితే అరలీటరు చిక్కబడుతుంది. పుట్నాల పొడి ఒక పెద్ద చెంచా కూడా పనిచేస్తుంది, కాకపోతే శనగ వాసన కొంచెం పైకి వస్తుంది. చెనిక్కాయ గింజలు 25 గ్రాములు వేయించి, పొట్టు తీసి, నీళ్లతో మెత్తగా రుబ్బి కలిపితే క్రీమ్ వేసినంత నునుపు వస్తుంది. ఇది చివర్లో పోసి, సిమ్‌లో 3 నిమిషాలు కలుపుతూ ఉంచాలి. ముందే పోస్తే అడుగంటుతుంది, ఎక్కువ మరిగితే నూనె పైకి తేలుతుంది.

వీటన్నిటికంటే సులువైనది మిగిలిన ఊరిబిండి పచ్చడి. చెనిక్కాయలు, మిరపకాయలు, తెల్లగడ్డ (వెల్లుల్లి), పులుపు అన్నీ నూరి పెట్టినట్టే కాబట్టి రెండు పెద్ద చెంచాలు అరలీటరు చప్పిడి కూరగాయల ఎసరులో కలిపితే చిక్కదనం, రుచి ఒకేసారి వస్తాయి. బరకగా నూరింది కాబట్టి నునుపుగా కావాలంటే ముందు ఒకసారి మిక్సీ తిప్పండి. ఈ సూపుకు వేరే ఉప్పు, కారం వేస్తే మాత్రం మళ్లీ మొదటి సమస్య దగ్గరికే వస్తారు.

రాగిపిండి ఉండలు కట్టింది

పొడిపిండి మరిగే ఎసరులో పడగానే పైపొర జిగురై గడ్డకడుతుంది, లోపల పిండి పొడిగానే ఉండిపోతుంది. అరలీటరుకు ఒక పెద్ద చెంచా పిండిని అరగ్లాసు చల్లనీళ్లలో కలిపి, మంట తగ్గించి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పాలి. 6 నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోతుంది. ఉండలు కట్టిపోయిందంటే వడకట్టి, ఉండల్ని గరిటెతో జల్లెడకు రుద్ది మళ్లీ కలపండి.

మిగిలిన సంగటికీ ఇదే సూత్రం. గుప్పెడు ముద్దను గ్లాసు చల్లనీళ్లలో చేత్తో పిసికి, పాలలా అయ్యాకే పొయ్యి మీద పెట్టండి. ముద్దను నేరుగా వేడినీళ్లలో వేస్తే ఎంత తిప్పినా గులకరాళ్లే.

అన్నీ వేశాను, ఏదో తక్కువైంది

వెన్న, క్రీమ్ ఇచ్చే కమ్మదనం లేనప్పుడు ఆ లోటును వేయించడంతో పూడ్చాలి. ముక్కలన్నీ ఒకేసారి నీళ్లలో వేసి ఉడికిస్తే వచ్చేది ఆసుపత్రి సూపు. ఒక చెంచా నూనెలో ఒక ఎర్రగడ్డను సన్నగా తరిగి, సిమ్‌లో 8 నుంచి 10 నిమిషాలు గోధుమరంగు వచ్చేదాకా వేయించి ఆ తర్వాత ఎసరు పోస్తే తేడా తెలుస్తుంది. టమాటాను నేరుగా మంట మీద కాల్చి, నల్లబడిన తొక్క ఊడదీసి వేసినా అంతే.

అప్పటికీ చప్పగా ఉంటే వరుస తప్పకుండా సరిచూడండి. ముందు ఉప్పు, తర్వాత పులుపు, చివర అప్పుడే దంచిన మిరియాలు లీటరుకు అరచెంచా. చాలామంది ఉప్పు తక్కువనుకునే చోట తక్కువైంది పులుపు. పచ్చిమామిడి వేసేవాళ్లు కాయ రకం చూసుకోవాలి. తోతాపురికి పులుపు తక్కువ, నాటు పుల్లకాయ వేసే చోట అది దాదాపు రెండింతలు పడుతుంది.

మదనపల్లె మార్కెట్‌లో ధర పడిపోయిన వారం టమాటాలు ఇక్కడా చవకే. అప్పుడు ఒక కిలో కొని, నాలుగు తెల్లగడ్డ పాయలతో సగానికంటే తక్కువయ్యేదాకా ఇగిరించి, ఉప్పు వేయకుండా ఇడ్లీ ప్లేటు గుంతల్లో పోసి డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించండి. బిళ్లలు ఊడదీసి డబ్బాలో పెట్టుకుంటే, ధర చుక్కలనంటిన నెలలో సూపుకు ఒక బిళ్ల సరిపోతుంది.

చేదుగా ఉంది

ఇక్కడ ఆగి కారణం తేల్చుకోవాలి, ఒక రకం చేదు ప్రమాదం.

సొరకాయ, బీరకాయ, దోసకాయ వేసిన సూపు చేదుగా ఉంటే ఒక్క గుటక కూడా మింగకుండా మొత్తం పారబోయండి. కాయలో కుకుర్బిటాసిన్లు అనే చేదు విషపదార్థాలు పెరిగినప్పుడు ఆ చేదు వస్తుంది, ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు కూడా కలగొచ్చు. బెల్లం వేసి కప్పిపుచ్చడం అన్నిటికంటే పెద్ద తప్పు. కాయ తరిగేటప్పుడే చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదుంటే ఉమ్మేసి కాయ పారేయాలి.

మిగతావి వంట చేదులు. మెంతులు నల్లబడటం, తెల్లగడ్డ మాడటం, చెనిక్కాయ గింజలు ముక్కిపోవడం. తిరగవాత మాడితే సూపులో కలపకముందే పారేసి మళ్లీ వేయండి, ఒక చెంచా నూనె పోయినా లీటరు సూపు మిగులుతుంది. మాడింది కలిసిపోతే వడకట్టి, చిత్తూరు బెల్లం చిన్న పలుకు, కొంచెం పులుపు వేస్తే తేలికపాటి చేదు అణుగుతుంది. ముక్కిన గింజల వాసనకు మందు లేదు.

తొక్కల ఎసరు మురుగు వాసన కొడుతోంది

కోసు (క్యాబేజీ) తొడిమ, కాలీఫ్లవర్ కాడలు 20 నిమిషాలు దాటి మరిగితే గంధకపు వాసన వస్తుంది. వాటిని చివరి 10 నిమిషాల్లో వేయండి, లేదా సన్నగా తరిగి సూపులోనే తినేయండి. ఎసరుకు బాగా పనికొచ్చేవి బీరకాయ పొట్టు, క్యారెట్ చివర్లు, కొత్తిమీర కాడలు, ఎర్రగడ్డ లోపలి పొరలు. రెండు గుప్పెళ్లకు లీటరు నీళ్లు, పావుగంట, వడకట్టడం. ఉర్లగడ్డ తొక్క పచ్చబడి ఉంటే, మొలకలుంటే వేయకూడదు. ఆకుకూర సూపు పసరు రంగు పోయి బూడిదగా మారితే పులుపు ముందు పడిందన్నమాట, దించాక నిమ్మ పిండితే రంగు నిలుస్తుంది.

కొబ్బరి పాలు విరిగాయి

చింతపండు ఎసరు తెర్లుతుండగా పోశారు. మంట ఆపి, రెండు నిమిషాలాగి, చిక్కటి పాలు చివర్లో కలపండి. విరిగినా తినడానికి ఇబ్బంది లేదు, మిక్సీలో ఒక తిప్పు తిప్పితే చాలావరకు కలిసిపోతుంది. అయితే వేడి సూపు మిక్సీలో నిండా పోస్తే ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. 10 నిమిషాలు చల్లార్చి, జారులో సగమే పోసి, మూత మీద మడత గుడ్డ పెట్టి పట్టుకోండి.

పొద్దున చూస్తే నురగ, పుల్లటి వాసన

పారబోయడమే. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, అవి వదిలిన కొన్ని విషాలు వేడికి చెక్కుచెదరవు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం అలాంటిదే. అన్నం, పప్పు, సూపు బయట 2 గంటలకు మించి ఉండకూడదు. తిరుపతి ఎండాకాలంలో వంటిల్లు 32 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి అప్పుడు గంటే లెక్క. సద్దన్నం సంగతి వేరు, దాన్ని చల్లారగానే నీళ్లు పోసి పులవనిస్తారు. గిన్నెలో ఊరికే వదిలేసిన రాత్రి అన్నం ఆ లెక్కలోకి రాదు.

పెద్ద గిన్నెడు సూపు మూతపెట్టి వదిలేస్తే నడుమ వేడి గంటల తరబడి పోదు. వెడల్పాటి గిన్నెల్లో రెండంగుళాల లోతుకు మించకుండా పోసి, చల్లనీళ్ల తొట్టిలో పెట్టి, చల్లారాక ఫ్రిజ్‌లోకి. 3 రోజుల్లో వాడేయండి. తాగేంత సూపునే బయటికి తీసి తెర్లించండి, గిన్నె మొత్తాన్ని రోజూ వేడిచేసి చల్లార్చొద్దు. కొబ్బరి చట్నీ మిగిలితే ఆ పూటే వాడాలి, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే.

సూపే మిగిలిపోయింది

గ్లాసుడు ఉంటే ఉప్మాలో నీళ్ల బదులు పోయండి, ఒక కప్పు రవ్వకు రెండున్నర కప్పుల ద్రవం లెక్కలో, ఉప్పు సగానికి తగ్గించి. అరగ్లాసే ఉంటే చపాతీ పిండి తడపండి. రెండు కప్పుల గోధుమపిండికి ముప్పావు కప్పు చిక్కటి సూపు పడుతుంది, కొంచెం కొంచెంగా పోయాలి. పప్పు సూపైతే చపాతీ మెత్తగా వస్తుంది, ఊరిబిండి సూపైతే పక్కన కూర అడగరు. మిగిలిన ఇడ్లీలను గోలీలంత ముక్కలు కోసి, పెనం మీద చెంచా నూనెతో కరకరలాడేలా కాల్చి తాగే ముందు వేసుకోవచ్చు. వేసి ఉంచితే రెండు నిమిషాల్లో నానిపోతాయి, అందుకని పక్కన గిన్నెలో పెట్టి ఎవరికి కావాల్సినన్ని వాళ్లను వేసుకోమనండి.