తిమింగలాలు చూడ్డానికి పడవ సొంతంగా మాట్లాడుకోవడం ఎలా? తిరుపతి నుంచి బయలుదేరేవాళ్ల కోసం

మా వైపు వాళ్లకు సముద్రం అంటే చెన్నై మెరీనాలో మోకాళ్ల దాకా దిగి, చెప్పులు పోగొట్టుకుని, సుండల్ తినేసి రావడమే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపు కలిసి తిరుపతి జిల్లాకు కూడా కాస్త తీరం వచ్చింది గానీ, తిమింగలం చూడాలని పిల్లలు పట్టుబడితే ఆ తీరం పనికిరాదు. మనకు దగ్గర దారి శ్రీలంక. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నర లోపే కొలంబో వచ్చేస్తుంది. పుత్తూరు, నగరి మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టుకు చేరడానికే అంతకు రెండింతలు పడుతుంది.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి టికెట్టు కొనుక్కుని పెద్ద బోటు ఎక్కాం. యాభై అరవై మందిమి ఉంటాం, ఎవరో ఒకరు "అదిగో" అనగానే అందరూ అటు పక్కకే ఎగబడేవాళ్లు, బోటు వాళ్లు కూర్చోండి కూర్చోండి అని అరిచేవాళ్లు, ఈలోగా ఇంకో ఆరేడు బోట్లు వచ్చి చుట్టూ మూగేవి, ఆ తిమింగలం కాస్తా నీళ్లలోకి మునిగిపోయేది. మా చిన్నాయన విసుగొచ్చి "దీనికి కూడా ఒక క్యూ కాంప్లెక్స్ కట్టాల" అన్నాడు. రెండోసారి మేం ఎనిమిది మందిమి కలిసి చిన్న బోటు మాట్లాడుకున్నాం. సోఫాలు, కూల్‌డ్రింకులు ఏమీ లేవు అందులో. కానీ "ఆపండి, ఇక్కడే ఉందాం" అని చెప్పే హక్కు మనకు ఉంటుంది. ప్రైవేటు బోటుకు పెట్టే డబ్బంతా ఆ ఒక్క మాట కోసమే అని నా లెక్క. అది గుర్తుంటే బేరం ఎలా చేయాలో కూడా తెలుస్తుంది.

నెల చూసుకున్నాకే టికెట్టు

శ్రీలంకలో తిమింగలాలకు పేరున్న ఊళ్లు రెండు. దక్షిణ కొసన మిరిస్సా, తూర్పు తీరంలో త్రికోణమలై. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మిరిస్సా బాగుంటుంది. మే వచ్చేసరికి నైరుతి రుతుపవనాలతో ఆ పక్క సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, అప్పుడు త్రికోణమలై వైపు ప్రశాంతంగా ఉంటుంది, ఆగస్టు దాకా అక్కడ చూడొచ్చు. అంటే సంక్రాంతి సెలవులకు మిరిస్సా, ఎండాకాలం సెలవులకు త్రికోణమలై. ఆఫర్ వచ్చిందని జూలైలో మిరిస్సాకు బుక్ చేసుకుని హోటల్ బాల్కనీలో వాన చూసి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

డాల్ఫిన్లు మాత్రమే చాలు అనుకుంటే పశ్చిమ తీరంలో కల్పిటియ ఉంది, అక్కడ స్పిన్నర్ డాల్ఫిన్లు పెద్ద పెద్ద గుంపులుగా తిరుగుతాయి. గాల్లోకి ఎగిరి బొంగరంలా తిరిగి పడతాయి కాబట్టే వాటికి ఆ పేరు. పాస్‌పోర్టు గొడవే వద్దంటే తిరుపతి నుంచి పూరీకి నేరుగా రైలుంది, అక్కడి నుంచి యాభై కిలోమీటర్లు వెళ్తే చిలికా సరస్సు ఒడ్డున సాతపడ. అక్కడ ఐరావడి డాల్ఫిన్లు ఉంటాయి. ఇవి ఎగరవు, గంతులేయవు, గుండ్రటి తల ఒకసారి పైకి పెట్టి మళ్లీ లోపలికి పోతాయి, పిల్లలు "అంతేనా" అంటారు. నాకైతే నచ్చాయి.

మిరిస్సాలోనే ఎందుకు కనబడతాయో కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. ఆ పక్కనే దొండ్ర అనే కొస ఉంది, శ్రీలంకకు దక్షిణాన అదే చివర. అక్కడ తీరానికి కొంచెం దూరంలోనే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. లోతు నీళ్ల దగ్గర చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు దండిగా ఉంటాయి, వాటిని తినడానికి నీలి తిమింగలాలు వస్తాయి. మనకు తెలిసినంతలో భూమ్మీద పుట్టిన జీవుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. ఇక్కడ తిరిగేవి అందులో కాస్త పొట్టి రకం అంటారు, ఆ పొట్టిదే ఆర్టీసీ బస్సులు రెండు వరసగా నిలబెట్టినంత ఉంటుంది.

కాగితాలు, డబ్బు, దారి

పాస్‌పోర్టు లేకపోతే తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది, రెండు మూడు నెలల ముందే స్లాట్ పెట్టుకోండి. ఉన్నవాళ్లు గడువు ఇంకా ఆరు నెలలు ఉందో లేదో చూసుకోండి. శ్రీలంకకు వెళ్లేముందు ఈటీఏ అని ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. దీని ఫీజు రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి పోయినేడు వెళ్లొచ్చిన వాళ్ల మాట నమ్మొద్దు, వాళ్ల ప్రభుత్వ సైట్‌లోనే చూడండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవాటిలో ఏజెంట్ల సైట్లు ఉంటాయి, అచ్చం ప్రభుత్వానివిలాగే కనబడి ఎక్కువ గుంజుతాయి.

గడియారం మార్చుకునే పని లేదు, వాళ్ల టైమూ మన టైమూ ఒకటే. కొలంబో ఎయిర్‌పోర్టు నుంచి మిరిస్సాకు ఎక్స్‌ప్రెస్‌వే మీద మూడు గంటల పైచిలుకు. త్రికోణమలైకి మాత్రం రోడ్డు మీద ఆరు గంటలకు తక్కువ పట్టదు, కానీ అక్కడ తమిళం నడుస్తుంది. నగరి, పుత్తూరు వాళ్లకు అది సొంతూరు లెక్క, బేరం బ్రహ్మాండంగా చేస్తారు. మిరిస్సాలో సింహళం, వచ్చీరాని ఇంగ్లీషు.

పౌర్ణమి రోజు పెట్టుకోకండి. అక్కడ దాన్ని పోయ అంటారు, దేశమంతా సెలవు, ఊళ్లన్నీ జనంతో నిండిపోతాయి.

పడవ బేరం: ఇక్కడ తొందరపడొద్దు

ముందు రోజు సాయంత్రానికే ఊరు చేరుకోండి. పొద్దున ఆరు, ఆరున్నరకల్లా పడవలు బయలుదేరిపోతాయి, ఎందుకంటే పొద్దున గాలి తక్కువ, సముద్రం నున్నగా ఉంటుంది, తిమింగలం ఊపిరి చిమ్మితే దూరం నుంచే కనబడుతుంది. ఫోన్‌లో అడ్వాన్సు కట్టేయకుండా రేవు దగ్గరికి వెళ్లి పడవను కళ్లతో చూసి, నడిపే సరంగుతోనే మాట్లాడండి. మధ్యలో ఉన్న హోటల్ కుర్రాడు అన్నిటికీ "ఓకే సార్" అంటాడు, సముద్రం మీద ఆ ఓకే పనిచేయదు.

ఏం అడగాలంటే, మొదట లైసెన్సు. ఉంటే వెంటనే చూపిస్తారు, నసిగితే ఇంకో పడవ చూసుకోండి. తర్వాత లైఫ్ జాకెట్లు. ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే అంటారు, బయటికి తీయమనండి, మీ పిల్లవాడికి ఒకటి తొడిగి బకిల్ పెట్టి చూడండి. పెద్దవాళ్ల సైజు జాకెట్‌లో పిల్లలు కిందికి జారిపోతారు, అది ఉన్నా లేనట్టే. ఇంజన్లు రెండున్న పడవ అయితే మంచిది, ఒకటి మొరాయించినా ఇంటికి వస్తాం. వైర్‌లెస్ సెట్టు ఉందా, పైన నీడ ఉందా చూడండి. ఆడవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఉంటే టాయిలెట్ సంగతి మొహమాటం లేకుండా అడగండి, ఎందుకంటే చిన్న స్పీడు బోట్లలో చాలావాటికి ఉండదు, నాలుగు గంటలు సముద్రంలోనే ఉండాలి. ఇది మేం అడగలేదు. మా పిన్నమ్మ ఈరోజుకీ ఆ మాట ఎత్తుతుంది.

ఇక డబ్బు. మనిషికి ఇంత అని కాకుండా పడవ మొత్తానికి, గంటలతో సహా మాట్లాడుకోండి. డీజిల్, లైఫ్ జాకెట్లు, మంచినీళ్లు అందులోనే కలిపారా అని తేల్చుకోండి. వాళ్లు డాలర్లలో చెప్తే శ్రీలంక రూపాయల్లో ఎంతో అడిగి, మన రూపాయల్లోకి మీరే లెక్కేసుకోండి. అసలు ప్రశ్న: తిమింగలం కనబడకపోతే ఏంటి? కొందరు మర్నాడు మళ్లీ ఊరికే తీసుకెళ్తారు, కొందరు సగం తిరిగిస్తారు. ఏదైనా సరే కాగితం మీద రాయించుకోండి, కనీసం వాట్సాప్‌లో పెట్టించుకోండి. "వందకు వంద చూపిస్తాం" అనేవాడి పడవ ఎక్కకండి, అతను ఎలాగైనా చూపించాలని దాని వెంటపడి తరుముతాడు.

దగ్గరికి వెళ్లే దూరం కూడా అప్పుడే మాట్లాడేయండి. శ్రీలంక నియమాల ప్రకారం తిమింగలానికి 100 మీటర్ల లోపలికి పడవ పోకూడదు. చాలామంది సరంగులు దగ్గరికి తీసుకెళ్తే టిప్పు ఎక్కువ వస్తుందని పోతారు, అలవాటు చేసింది మనలాంటి వాళ్లమే. "మాకు దగ్గరగా వద్దు, దూరంగా ఆపి ఎక్కువసేపు ఉంచండి, టిప్పు దానికే ఇస్తాం" అని ముందే చెప్పండి. మా సరంగు మొదట నమ్మలేదు, రెండుసార్లు అడిగాడు. తిమింగలాలతో ఈత కొట్టిస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి, పర్మిట్ లేకుండా అది నేరం.

వాంతుల సంగతి

తిరుమల ఘాట్ రోడ్డే మీ పరీక్ష. బస్సు మలుపులు తిరుగుతుంటే కవరు అడిగేవాళ్లు సముద్రంలో కచ్చితంగా అడుగుతారు. అడగనివాళ్లు కూడా ధీమాగా ఉండకండి, ఎందుకంటే పడవ పరిగెత్తేటప్పుడు ఏమీ కాదు, తిమింగలం కోసం ఇంజను ఆపి నిలబడ్డప్పుడు మొదలవుతుంది, కింద నిదానంగా ఊగుడు, పైన డీజిల్ వాసన. కడుపులో తిప్పకుండా మాత్ర బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే. ఆ మాత్రలకు నిద్ర వస్తుంది కాబట్టి ఏది, ఎంత అన్నది ఇక్కడే డాక్టరును అడిగి తీసుకెళ్లండి, పిల్లలకూ గర్భిణులకూ తప్పనిసరిగా.

ముందు రాత్రి సంగటీ నాటుకోడీ వద్దు. అలాగని ఖాళీ కడుపుతోనూ వెళ్లకండి, రెండు ఇడ్లీలంత తేలికగా ఏదైనా తినండి. మేం బొరుగులు, ఉప్పు కలిపిన నిమ్మకాయ ముక్కలు, అల్లం మురబ్బా పట్టుకెళ్లాం, బొరుగులు సరంగుకు కూడా నచ్చాయి. పడవ మధ్యలో, వెనక వైపు కూర్చోండి, ముందు భాగం ఎక్కువ ఎగురుతుంది. ఫోన్ చూడొద్దు. ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు పెట్టండి.

ఇంకా పట్టుకెళ్లాల్సినవి: తాడున్న టోపీ, ఫుల్ చేతుల చొక్కా, సన్‌స్క్రీన్, ఫోన్లకు జిప్ కవర్లు, ఒక బైనాక్యులర్. చీర కంటే చుడీదార్ నయం.

సముద్రంలో ఏం చేయాలి

చూస్తూ కూర్చోవాలి. నిజంగా పని అదే. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు పంచుకుని నీళ్ల మీదకు చూడండి. మొదట కనబడేది ఒళ్లు కాదు, ఊపిరి. నీలి తిమింగలం ఊపిరి వదిలితే రెండంతస్తుల మేడంత ఎత్తు నిట్టనిలువుగా ఆవిరి లేస్తుంది. అది ముందుకు, ఎడమ పక్కకు వాలి లేచిందంటే స్పెర్మ్ తిమింగలం. ఈ రెండో రకం మునిగిందంటే ముప్పావు గంట దాకా రాకపోవచ్చు, నీలి తిమింగలం అయితే పది పదిహేను నిమిషాలు ఆగితే చాలు.

నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుని, వీపు విల్లులా వంచి, తోక పైకెత్తి మునుగుతుంది. మునిగిన చోట నీళ్లు నూనె పోసినట్టు నున్నగా గుండ్రంగా ఉండిపోతాయి. పక్క పడవలన్నీ అప్పుడే ఇంజన్లు పెంచి ముందుకు ఉరుకుతాయి. మీరు ఉరకొద్దనండి. మేం అలాగే ఇంజను ఆపించి కూర్చున్నాం, పన్నెండు నిమిషాలు, మా బావ వాచీ చూస్తూనే ఉన్నాడు. ఉరికిన పడవలకు దూరంగా, మా ఎడమ పక్క, అదే దానంతట అది లేచింది. ఊపిరి చప్పుడు ముందు వినబడింది, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎత్తితే ఒక్కసారిగా పోయే ఆవిరి లాగా, దానికి వందింతలు. ఎవరం ఫొటో తీయలేదు. తర్వాత మా పిల్లలు దానికే గొడవపడ్డారు.

పడవ ఎప్పుడూ దానికి పక్కగా, దాని దారికి సమాంతరంగా, నెమ్మదిగా పోవాలి. ఎదురుగా అడ్డం పోకూడదు, వెనక నుంచి తరమకూడదు, తల్లికీ పిల్లకూ మధ్యలో అసలు దూరకూడదు. అదే దగ్గరికి వస్తే ఇంజను న్యూట్రల్‌లో పెట్టి ఊరుకోవాలి. డాల్ఫిన్ల విషయంలో ఇంకా సులువు, పడవ ఒకే వేగంతో తిన్నగా పోతుంటే వాటికి బుద్ధి పుడితే అవే వచ్చి ముందు భాగం కింద పరిగెడతాయి. ఈలలు, చప్పట్లతో పనేం లేదు.

దూరంగా పెద్ద పెద్ద ఓడలు వరసగా పోతుంటాయి, చూడండి. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే ఓడల దారుల్లో అదొకటి, తిమింగలాలు తినడానికి వచ్చే చోటు మీదుగానే పోతుంది, ఓడలు తగిలి చనిపోతుంటాయి కూడా. ఎంఎస్‌సీ అనే పెద్ద ఓడల కంపెనీ 2022లో తమ ఓడలను ఇంకాస్త దక్షిణానికి జరిపింది. మిగతావి ఇంకా అక్కడే కనబడతాయి.

ఒడ్డుకు వచ్చాక

టిప్పు మాట నిలబెట్టుకోండి. ఒడ్డున ఎవరైనా తిమింగలం వాంతి, అంబర్‌గ్రిస్ అని చెప్పి ముక్క చూపిస్తే ముట్టుకోకండి. మన పేపర్లలో దానితో పట్టుబడ్డవాళ్ల వార్తలు చదివే ఉంటారు, ఇండియాలో అది దగ్గరుంటేనే కేసు.

స్నానం చేసి, అన్నం తిని, ఓ కునుకు తీసి సాయంత్రం దొండ్రకు వెళ్లండి. అక్కడ విష్ణువు గుడి ఉంది, ఊరిని సింహళంలో దేవినువర అంటారు, దేవతల నగరమని అర్థం. పాత గుడిని 1588లో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు, ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు. తిరుపతి నుంచి వచ్చామంటే పూజారి లడ్డూ ఉందా అని అడిగాడు, మా దగ్గర ఉన్నది ఒక్కటే, దాన్నే పంచుకున్నాం. ఎవరికైనా పెట్టడానికి రెండు ఎక్కువ పట్టుకెళ్లండి.

ఆ రోజు రాత్రికి మాత్రం రిటర్న్ ఫ్లైట్ పెట్టుకోకండి. గుడి మెట్లు ఎక్కుతుంటే కూడా నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది.