కారు బీమాలో ఏ కవరేజీ దేనికి: పాలసీని చదివే పద్ధతి

కారు బీమా పాలసీ చేతికి రాగానే చాలామంది ప్రీమియం ఎంతో చూసి, ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. నిజానికి మొదట తెలుసుకోవలసింది, ప్రమాదం జరిగితే ఆ బీమా సొమ్ము ఎవరికి చేరుతుందన్నది. ఎదుటివారికా, మన కారుకా, కారులో ఉన్న మనుషులకా అని అడుగుతూ చదివితే, ఎన్ని పేర్లతో ఉన్నా ముఖ్యమైన కవరేజీలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

ఎదుటివారి కోసం ఉద్దేశించినది థర్డ్ పార్టీ కవరేజీ. మన కారు వల్ల ఇతరులు గాయపడినా, మరణించినా, వారి ఆస్తి దెబ్బతిన్నా, చట్టప్రకారం మనం చెల్లించవలసిన పరిహారాన్ని ఇది భరిస్తుంది. గుద్దినవారి దగ్గర డబ్బు లేదన్న కారణంతో గాయపడినవారు నష్టపోకూడదనే చాలా దేశాలు దీన్ని తప్పనిసరి చేశాయి; అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఈ నిబంధన 1927లోనూ, బ్రిటన్‌లో 1930 నాటి చట్టంతోనూ వచ్చింది. అయితే ఆస్తి నష్టానికి పాలసీలో ఒక గరిష్ఠ పరిమితి ఉండవచ్చు, ఆ పరిమితి దాటిన మొత్తం మన మీదే పడుతుంది కనుక ఆ అంకెను వెతికి చూసుకోవాలి. ఈ కవరేజీ ఒక్కటే ఉన్నప్పుడు మన కారు మరమ్మతుకు మాత్రం పైసా కూడా రాదు.

మన కారుకు జరిగే నష్టాన్ని రెండుగా చూడవచ్చు: ఢీకొనడం వల్ల కలిగేది ఒకటి, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద, వడగండ్లు, చెట్టు విరిగిపడటం లాంటి వాటి వల్ల కలిగేది మరొకటి. అమెరికాలో ఈ రెండింటికీ వేర్వేరు కవరేజీలు ఉంటాయి; భారత్, బ్రిటన్ లాంటి చోట్ల థర్డ్ పార్టీతో కలిపి ఒకే కాంప్రహెన్సివ్ (సమగ్ర) పాలసీగా దొరుకుతాయి. పేరు అంత నిండుగా ఉన్నా, అరుగుదల, యాంత్రిక లోపాలు, మద్యం తాగి నడిపినప్పుడు జరిగిన నష్టం సాధారణంగా దీని పరిధిలోకి రావు.

అసలు తగాదాలు వచ్చేది ఇక్కడే. నీట మునిగిన రోడ్డులో కారు ఆగిపోయిందనుకుందాం. అప్పటికే సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఆ నీటిని కుదించడం పిస్టన్ వల్ల కాదు, దాన్ని కదిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద నష్టం కవరయ్యే పాలసీలో కూడా, ఇది వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ (అదనపు ప్రీమియంతో పాలసీకి జోడించుకునే కవరేజీ) ఉద్దేశించినది ఇలాంటి సందర్భాలకే, అందులోనూ షరతులు ఉంటాయి. నీళ్లలో ఆగిన కారును తాళం ముట్టుకోకుండా టోయింగ్ చేయించడమే మేలు.

జీరో డిప్రిసియేషన్ కూడా తెలుసుకోదగ్గ యాడ్-ఆన్. పాత భాగం స్థానంలో కొత్తది వేసినప్పుడు తరుగుదల కింద కోసే మొత్తాన్ని ఇది భర్తీ చేస్తుంది. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల విషయంలో ఆ కోత గట్టిగానే ఉంటుంది. కారు పూర్తిగా పాడైనా, చోరీ అయినా వచ్చేది కొన్న ధర కాదు, అప్పటి విలువ లేదా పాలసీలో రాసుకున్న విలువ. అప్పు మీద కొన్నవారికి బాకీ ఆ విలువకంటే ఎక్కువగా మిగిలి ఉండవచ్చు, ఆ తేడాను పూడ్చే కవరేజీలూ ఉన్నాయి.

కారులోని మనుషుల కోసం వ్యక్తిగత ప్రమాద కవరేజీ, కొన్ని దేశాల్లో వైద్య ఖర్చుల కవరేజీ ఉంటాయి. ఎదుటి డ్రైవరుకు బీమా లేకపోతే మనల్ని ఆదుకునే కవరేజీ కూడా కొన్నిచోట్ల దొరుకుతుంది.

డిడక్టిబుల్ అంటే ప్రతి క్లెయిములోనూ మనం భరించే తొలి భాగం. అది 5 వేలు, మరమ్మతు 6 వేలు అయితే చేతికి వచ్చేది వెయ్యి మాత్రమే. ఆ వెయ్యి కోసం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోగొట్టుకోవడం చాలాసార్లు గిట్టుబాటు కాదు. ప్రీమియం తగ్గుతుందని డిడక్టిబుల్ పెంచుకునేవారు, అంత మొత్తం ఎప్పుడైనా సిద్ధంగా ఉంచుకోగలరో లేదో ముందే చూసుకోవాలి. బాగా పాతబడిన కారుకు సొంత నష్టం కవరేజీ అవసరమా అన్నది కూడా లెక్క వేసి తేల్చవలసిందే: ఏటా కట్టే ప్రీమియాన్ని కారు ప్రస్తుత విలువతో పోల్చి చూడాలి.

సొంత వాడకానికి తీసుకున్న కారును కిరాయికి తిప్పినా, గ్యాస్ కిట్ అమర్చినా బీమా సంస్థకు ముందుగా తెలిపి, ఆ మార్పును పాలసీలో రాయించుకోవాలి. ప్రమాదం జరిగినప్పుడు సంస్థకు వెంటనే సమాచారమిచ్చి, ఫొటోలు తీసుకోవాలి; నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూసేవరకు మరమ్మతు మొదలుపెట్టకూడదు.