తాబేలు పిల్లలు దారి తప్పకుండా సముద్రం చేరాలంటే ఏం చేయాలి?

సముద్ర తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు గుంపుగా ఇసుక తోడుకుంటూ పైకొస్తాయి. దారి చూపడానికి తల్లి ఉండదు. మనం చేయాల్సిందల్లా వాటి దారికి అడ్డం రాకుండా ఉండటమే.

ముందు లైట్లు ఆర్పండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఇసుక చల్లబడ్డాక, ఎక్కువగా రాత్రిపూట, పిల్లలు బయటికొస్తాయి. నేలబారుగా చూసి, ఎటు వెలుతురుగా ఉంటే అటు నడుస్తాయి. మామూలు రాత్రిలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది, వెనక ఇసుక దిబ్బలు, చెట్లు నల్లగా కనిపిస్తాయి. అదే ఒడ్డున ఒక తెల్ల బల్బు వెలుగుతోందనుకోండి, పిల్లలు అదే సముద్రమనుకుని రోడ్డెక్కేస్తాయి. ఆర్పడం కుదరని లైటుకు నేల వైపు తిరిగేలా డొప్ప పెట్టండి, లేదా కాషాయ రంగు బల్బు వేయండి. తెల్లదానికన్నా నయమే తప్ప, చీకటికి సాటి కాదు. ఫోన్ టార్చి, ఫ్లాష్ అసలొద్దు.

పొద్దు గుంకేలోపు, గూటి జోలికి పోకుండా, నీళ్ళ వైపు ఇసుకలో ఉన్న గోతులు పూడ్చండి. ఆడుకునే చిన్నపిల్లలు కట్టిన ఇసుక కోటలుంటే చదును చేయించండి. మనకు అడుగు గుర్తే కావచ్చు, అయిదు సెంటీమీటర్ల పిల్లకు అది నుయ్యి. అందులో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంటే పీతలు ఊరుకుంటాయా?

పిల్లలు నడుస్తున్నప్పుడు గూటికీ నీటికీ మధ్య నిలబడకండి. ఎంత ముద్దొచ్చినా చేత్తో ఎత్తి నీళ్ళలో వదలకండి, నడవనివ్వండి.

రోడ్డు మీదో కాలువలోనో దారితప్పిన పిల్ల దొరికితే? తడి ఇసుక పరిచిన పెట్టెలో పెట్టి, చీకట్లో ఉంచి, వన్యప్రాణి సిబ్బందికి కబురు చేయండి. బకెట్‌లో నీళ్ళు పోసి అందులో వేయకండి. నీళ్ళు తగలగానే ఆగకుండా ఈదుతుంది, కడుపులో మిగిలిన పచ్చసొన బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఆ బలం సముద్రంలో మొదటి రోజు ఈతకు కావాలి. నీళ్ళలో దిగాక చూపుతో పని ఉండదు, అల ఊపును బట్టి దానికి ఎదురీదుతుంది. ఒడ్డు దూరమయ్యాక భూమి అయస్కాంత క్షేత్రమే దిక్సూచి.

ఒక గూటి పిల్లలన్నీ ఒకే రాత్రి రావాలని లేదు. ఆ లైట్లు ఇంకో రెండు మూడు రాత్రులు ఆర్పే ఉంచండి.