వానాకాలానికి ముందు స్పోర్ట్స్ కారు పెయింట్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో వానలు పడడం మొదలైన కొద్ది వారాలకే హైదరాబాద్ చుట్టుపక్కల రోడ్ల మీద తారు లేచిపోయి అడుగున ఉన్న కంకర పైకి తేలుతుంది. గుంతలు పూడ్చడానికి పోసిన చిప్స్ వాహనాల చక్రాల కింద పడి అన్ని వైపులకూ చెదురుతాయి. క్రషర్ల నుంచి వచ్చే టిప్పర్లలో కొన్ని టార్పాలిన్ కప్పకుండానే తిరుగుతుంటాయి. ఈ బెడద అన్ని కార్లకూ ఉన్నదే అయినా, స్పోర్ట్స్ కారు ముందు భాగం నేలకు బాగా దగ్గరగా ఉండడం వల్ల, దాని వెడల్పాటి మెత్తని టైర్లు చిన్న రాళ్లను సులువుగా పట్టుకుని విసరడం వల్ల, దానికి దెబ్బలు ఎక్కువ తగులుతాయి. కాబట్టి చేయించవలసిన పనులన్నీ మే నెలలోనే పూర్తి చేయించుకోవడం మంచిది.

కంపెనీలో వేసిన పెయింట్ ప్రైమర్ (అడుగు పూత), రంగు, పైనున్న క్లియర్ కోట్ (రంగులేని పూత) అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల మందమే ఉంటుంది; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లకు మించదు. దీని మీద సిరామిక్ కోటింగ్ చేయిస్తే రాళ్ల దెబ్బలు ఆగుతాయని చాలామంది నమ్ముతున్నారు, కొందరు దుకాణదారులు అలాగే చెప్పి అమ్ముతున్నారు కూడా. ఒకటి రెండు మైక్రాన్ల ఆ పూత నీరు, మురికి అంటకుండా చూస్తుందే తప్ప రాయిని ఆపలేదు. రాయిని తట్టుకోగలిగేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అని పిలిచే పారదర్శక ఫిల్మ్ ఒక్కటే. మంచి రకం ఫిల్మ్ టీపీయూ అనే సాగే గుణమున్న పాలీయూరిథేన్‌తో తయారవుతుంది, మందం 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. రాయి తగిలినప్పుడు అది కాస్త లోపలికి నొక్కుకుపోయి దెబ్బ బలాన్ని తాను తీసుకుంటుంది. పైపై సన్నని గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుంటాయి కానీ, ఫిల్మ్‌ను చీల్చిన దెబ్బ మాత్రం పూడదు. పీవీసీతో చేసిన చవక ఫిల్మ్ త్వరగా పసుపు రంగుకు తిరుగుతుంది కనుక, ఏ ఫిల్మ్ వేస్తున్నారో రోల్ పెట్టె మీద చదివి, వారంటీ కార్డులో రోల్ నంబరు రాయించుకున్న తర్వాతే పని మొదలుపెట్టనివ్వాలి.

కారంతటికీ ఫిల్మ్ వేయించే స్తోమత లేకపోతే బాధపడనక్కర్లేదు. రాళ్లు తగిలే చోట్లు తెలిసినవే: ముందు బంపర్, పూర్తి బానెట్, ముందు ఫెండర్లు, సైడ్ మిర్రర్ల వెనుక వైపు, హెడ్‌లైట్లు, విండ్‌షీల్డ్ పక్క స్తంభాలు. వీటితో పాటు చాలామంది మరచిపోయే చోట్లు మరో రెండున్నాయి. తలుపుల కిందనుండే సిల్ మీద, వెనుక చక్రాలకు ముందు ఉబ్బి ఉండే ఫెండర్ మీద, ముందు చక్రాలు విసిరిన రాళ్లు నేరుగా వచ్చి పడతాయి. పోర్షా 911 వెనుక ఫెండర్ మీద ఆ చోట కంపెనీయే పారదర్శక ఫిల్మ్ అంటించి పంపుతుందంటే అక్కడ పడే దెబ్బల తీవ్రత అర్థమవుతుంది. బానెట్‌కు సగం వరకే వేయించడాన్ని నేను సమర్థించను. ఫిల్మ్ ఆగిపోయిన అంచు వెంబడి దుమ్ము చేరి కొన్నాళ్లకు నల్లటి గీతగా మారుతుంది, ఆ గీత లేత రంగు కార్ల మీద దూరం నుంచే కనిపిస్తుంది.

ఫిల్మ్ నాణ్యత ఎంత ముఖ్యమో అంటించే చేయి అంతకంటే ముఖ్యం. కొన్నిచోట్ల ఫిల్మ్‌ను కారు మీదే పరచి బ్లేడుతో అంచులు కోస్తారు. బ్లేడు ఏమాత్రం లోతుగా దిగినా క్లియర్ కోట్ మీద వెంట్రుకంత సన్నని గాటు పడుతుంది, అది ఫిల్మ్ తీసిన రోజున గానీ బయటపడదు. మీ మోడల్ కొలతలతో కంప్యూటర్ ప్లాటర్ మీద ముందుగానే కోసిన ముక్కలు వాడతారా, అంచులను లోపలి వైపుకు మడుస్తారా అని తప్పకుండా అడగాలి. కారు సెకండ్‌హ్యాండ్‌దైతే మందం కొలిచే పరికరంతో ప్రతి ప్యానెల్‌నూ చూపించుకోవాలి. 200 మైక్రాన్లు దాటితే అక్కడ మళ్లీ రంగు వేశారని అనుమానించాలి, ఎందుకంటే అలాంటి చోట ఫిల్మ్ పీకినప్పుడు రంగు కూడా దానితో పాటు ఊడివచ్చే ప్రమాదం ఉంది. కొత్తగా పెయింట్ చేయించిన ప్యానెల్ మీద కనీసం నెల రోజులు ఆగి అంటించడం క్షేమం. రాళ్ల దెబ్బకు పెయింట్‌లో ఇప్పటికే పడిన చిల్లులను టచప్ చేసి ఆరనిచ్చాకే ఫిల్మ్ వేయాలి.

అంటించిన తర్వాత మొదటి వారం కారు కడగకూడదు. లోపల నీటి బుడగలు కొన్ని కనిపించినా వేడికి క్రమంగా ఆవిరైపోతాయి కనుక సూదితో పొడవకూడదు. ఆ తర్వాత కూడా ప్రెషర్ వాషర్‌ను ఫిల్మ్ అంచులకు దగ్గరగా పెట్టకూడదు, తారు మరకలను పెట్రోలుతో తుడవకూడదు.

ఇంత చేసినా నడిపే తీరు మారకపోతే ప్రయోజనం తక్కువ. దెబ్బ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 80 కిలోమీటర్ల వేగంలో తగిలిన రాయే 120లో తగిలితే రెండుంబావు రెట్లు గట్టిగా కొడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గానీ బెంగళూరు హైవే మీద గానీ టిప్పర్ వెనుక ఎక్కువసేపు ఉండవద్దు. దాటే వీలు లేకపోతే నాలుగు సెకన్ల దూరం వదలాలి, 100 వేగంలో అది దాదాపు 110 మీటర్లు. లారీ వెనుక జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి ఊడి వస్తే పెయింటే కాదు, విండ్‌షీల్డ్ కూడా పగులుతుంది. కొత్తగా చిప్స్ వేసిన చోట యాక్సిలరేటర్ తొక్కకుండా మెల్లగా దాటాలి, మట్టి రోడ్డు దిగి హైవే ఎక్కేముందు టైర్ల గాడుల్లో చిక్కిన రాళ్లను తీసేయాలి.

వానాకాలంలో వారానికొకసారి కారు కడిగి ఆరాక టార్చిలైటు పక్కవాటుగా వేసి బంపర్, బానెట్, సిల్‌లను పరిశీలించండి. చిల్లు మధ్యలో బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ ఇంకా ఉన్నట్టు, లోహం మెరుస్తుంటే ఆలస్యం చేయకూడదు. స్టీలు రేకైతే తుప్పు పడుతుంది, అల్యూమినియమైతే తెల్లటి పొడి ఏర్పడి చుట్టూ పెయింట్ ఉబ్బుతుంది. ఆ చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కారు మీది స్టిక్కర్‌లో ఉన్న రంగు కోడ్ ప్రకారం తెప్పించిన టచప్ పెయింట్‌ను సన్నని కుంచె మొనతో చిల్లులోనే, పలుచగా రెండు మూడు విడతలుగా నింపాలి. ఇలాంటి చిన్న చిల్లులకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే 50 శాతం దాకా చేరిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది కనుక, ఆ లెక్క చూసుకున్నాకే గ్యారేజీకి ఫోన్ చేయండి.