ఫోన్ కెమెరాతో నాడి లెక్కించడం

గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలికొసలోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది, వెంటనే తగ్గుతుంది. రక్తం కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి కెమెరాకు చేరే వెలుగు ఆ క్షణంలో రవ్వంత మసకబారుతుంది. మనం పట్టుకోవాల్సింది ఆ రవ్వంత తేడానే. అందుకే ఫలితం లెక్క కట్టే ప్రోగ్రామ్ కన్నా వేలు పెట్టే తీరు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. చేతులు చల్లబడి ఉంటే రుద్ది వెచ్చబరచండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే సిగ్నల్ దాదాపు మాయమవుతుంది. మోచేతిని బల్ల మీద ఆనించి, చూపుడువేలి మెత్తని భాగంతో వెనక కెమెరానూ ఫ్లాష్‌నూ కలిపి కప్పండి. వేలు ఆనించాలి, అంతే. గట్టిగా అదిమితే సన్న నాళాల్లో రక్తం ఆగి వెలుగు హెచ్చుతగ్గుల అల చదునైపోతుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కెమెరాలు రెండు మూడు ఉంటే, వేలు పెట్టగానే తెర ఎర్రబడేది ఏదో చూసుకోండి. ఫ్లాష్ చురుక్కుమంటే వేలు తీసేయండి.

ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మారకుండా లాక్ చేసి, సెకనుకు 30 ఫ్రేములతో ఒక నిమిషం వీడియో తీయండి. లాక్ చేయకపోతే కెమెరా తనంతట తానే వెలుగు సర్దేసి నాడిని చెరిపేస్తుంది.

ఆపై ఒక్కో ఫ్రేములో పిక్సెళ్ల ఎరుపు విలువల సగటు తీయాలి. ఆ విలువ గరిష్ఠమైన 255 దగ్గర అతుక్కుపోతే అందులో అల మిగలదు, ఆకుపచ్చను వాడండి. మొదటి ఐదు సెకన్లు వదిలేసి, 0.7 నుంచి 4 హెర్ట్జ్ వరకే ఉంచి మిగతాది వడకట్టండి. అంటే నిమిషానికి 42 నుంచి 240 సార్లు. శిఖరాల మధ్య కాలం ఫ్రేముల సంఖ్యతో కాక వాటి టైమ్‌స్టాంప్‌తో (ఫ్రేము తీసిన సమయంతో) సెకన్లలో కొలవండి, ఎందుకంటే ఫోన్ ఫ్రేములను సరిగ్గా సమాన వ్యవధిలో తీయదు. ఆ కాలాల్లో మధ్యస్థ విలువతో (వరుసగా పేర్చితే నడిమిదానితో) 60ని భాగిస్తే నిమిషానికి రేటు వస్తుంది. ఒక్కో అలలో రెండో చిన్న బుడిపె కూడా ఉంటుంది, దాన్నీ లెక్కిస్తే రేటు రెట్టింపవుతుంది. అదే సమయంలో మణికట్టు నాడిని ఇంకొకరితో లెక్కపెట్టించి పోల్చుకోండి.

ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 33 మిల్లీసెకన్లు ఎడం ఉంటుంది. సగటు రేటుకు అది చాలు, గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్య సూక్ష్మ తేడాలు చెప్పడానికి చాలదు. పైగా సమయానికి ముందే పడిన బలహీనమైన దెబ్బ ఒక్కోసారి వేలిదాకా చేరనే చేరదు. కాబట్టి లయ మళ్లీమళ్లీ తప్పుతున్నట్టు కనిపిస్తే ఈసీజీ తీయించుకోండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం ఉంటే ఫోన్‌తో కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.